మందులివ్వని డాక్టరు చదువు

డాక్టరు అనే మాటకు మన ఇళ్ళలో ఒకటే అర్థము. నాడి చూచి, నాలుక చాపమని, చీటీ వ్రాసి ఇచ్చేవాడు డాక్టరు. అందుచేత ఇంట్లో అమ్మాయి 'నేను మనస్తత్వ శాస్త్రములో డాక్టరేటు చేస్తాను' అనగానే నాయనమ్మ 'పిచ్చివాళ్ళ ఆసుపత్రిలోనా తల్లీ?' అని కంగారు పడుతుంది. 'కాదు నాయనమ్మా, పనిచేసేవాళ్ళ మనసు గురించి' అంటే, 'పనిచేసేవాడికి కూలి చాలకపోవడమే గదా జబ్బు, దానికి ఇంత చదువెందుకు?' అంటుంది. నాయనమ్మ ప్రశ్న తీసివేయదగినది కాదు. కూలి చాలినా పనిమీద మనసు నిలవని చోట్లు ఉన్నవి. కూలి తక్కువైనా పది మంది కలిసి ఉత్సాహముగా పనిచేసే చోట్లూ ఉన్నవి. ఈ తేడా ఎందువల్ల వస్తున్నదో కనిపెట్టే ప్రయత్నమే పారిశ్రామిక, సంస్థాగత మనస్తత్వ శాస్త్రము.

ఈ నెల ఈ శీర్షికకు పెర్మిలి నుండి ఒక తల్లి ఉత్తరము వ్రాశారు. పెర్మిలి అంటే అందరికీ తెలియకపోవచ్చును. గడ్చిరోలి జిల్లాలో, అల్లాపల్లి నుండి భామ్రాగఢ్ పోయే దారిలో, టేకు అడవుల నడుమ ఉన్న ఊరు. ఆమె కుమార్తె నాగపురములో మనస్తత్వ శాస్త్రము ఎం.ఏ. ముగించినది. ఈ శాస్త్రములోనే పి.హెచ్‌.డి. చేయాలని పట్టుబట్టినది. తల్లిగారి ప్రశ్నలు ఇవి: ఈ కోర్సు ఎక్కడ ఉన్నది? ఎన్నేళ్ళు పడుతుంది? మధ్యలో పెళ్ళి కుదిరితే చదువు ఏమవుతుంది? ఎవరో ఒక మధ్యవర్తి, కట్టవలసినది ఒకేసారి కడితే రెండేళ్ళలో పట్టా ఇంటికే పంపిస్తామంటున్నాడు. ఎకరమున్నర పొలము తాకట్టు పెట్టి ఆ డబ్బు కట్టవచ్చునా?

చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పి మిగిలినవాటికి వస్తాను. కట్టవద్దు. కారణము తరువాత వివరిస్తాను. పొలము కాగితాలు మాత్రము పెట్టెలోనే ఉండనివ్వండి.

ఇక కోర్సు ఎక్కడ ఉన్నదనే మాట. 'పారిశ్రామిక, సంస్థాగత మనస్తత్వ శాస్త్రము, పి.హెచ్‌.డి.' అని బోర్డు కట్టిన ద్వారము వెదికితే మన దేశములో చాలా కొద్ది చోట్లనే కనబడుతుంది. అది చూచి చాలామంది పిల్లలు 'మన దగ్గర లేదట' అని మానుకొంటున్నారు. నిజానికి లేనిది బోర్డే గాని చదువు కాదు. డాక్టరేటు అనేది బి.ఏ. వలె పాఠాల పట్టికను బట్టి చేరే చదువు కాదు. ఒక ప్రశ్న, ఆ ప్రశ్నను ఎరిగిన ఒక గురువు, ఆ గురువును పోషిస్తున్న ఒక విశ్వవిద్యాలయము, ఈ మూడూ కుదిరిన చోట అది ఉన్నది. అందుచేత పేరు వెదకడము మాని ప్రశ్నను, గురువును వెదకవలెను. ఈ నెల నేను చెప్పదలచినది ముఖ్యముగా ఇదే.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? పెద్ద పట్టణాలలో, పెద్ద ఫ్యాక్టరీలలో మాత్రమే దొరుకుతుందని అనుకోనక్కర లేదు. ఈ శాస్త్రములో పేరు పడిన కొన్ని పరిశోధనలు ఎట్లా పుట్టినవో చూడండి.

మొదటిది బొగ్గు గనిది. ఇంగ్లండులో రెండవ ప్రపంచ యుద్ధము తరువాత గనులలో యంత్రాలు వచ్చినవి. యంత్రాలు వస్తే బొగ్గు పెరగాలి గదా? పెరగవలసినంత పెరగలేదు. పైగా పనికి రానివారు, మానేసేవారు ఎక్కువైనారు. ఎరిక్ ట్రిస్ట్ అనే పండితుడు, కెన్ బామ్‌ఫోర్త్ అనే ఆయన కలిసి ఈ సంగతి పరిశీలించి 1951లో ఒక వ్యాసము ప్రకటించారు. బామ్‌ఫోర్త్ అంతకు ముందు స్వయముగా గని కార్మికుడు. పాత పద్ధతిలో నలుగురైదుగురు కలిసి తమకు నచ్చిన జట్టు కట్టుకొని, తవ్వడము మొదలు ఎత్తిపోయడము దాకా మొత్తము పని తామే చూచుకొనేవారు. కొత్త లాంగ్‌వాల్ పద్ధతిలో ఒక్కొక్క షిఫ్టుకు ఒక్కొక్క ముక్క పని పంచిపెట్టారు. ఒకరి పని ఒకరికి తెలియదు. ఒకరి తప్పు ఒకరి మీద పడుతుంది. యంత్రము మారినప్పుడు మనుష్యుల పొత్తు కూడ మారుతుందనీ, ఆ పొత్తును లెక్కలోకి తీసుకోని యంత్రము సగము పనే చేస్తుందనీ వారు తేల్చారు. మన ప్రాణహిత దాటితే అవతల సింగరేణి గనులున్నవి. అక్కడి అడ్రియాల గనిలో నేడు లాంగ్‌వాల్ యంత్రమే బొగ్గు తీస్తున్నది. ఆ గనులలో పనిచేసిన బంధువులు మన కుటుంబాలలో ఎంతమంది లేరు! బామ్‌ఫోర్త్ అడిగిన ప్రశ్న వారిలో ఎవరైనా అడగగలిగినదే.

రెండవది మగ్గముది. అహ్మదాబాదు కాలికో మిల్లులో స్వయంచాలక మగ్గాలు పెట్టినప్పుడు కూడ ఇటువంటి చిక్కే వచ్చినది. లండనులోని టావిస్టాక్ సంస్థ నుండి ఏ.కె.రైస్ అనే ఆయన 1953లో వచ్చి చూచాడు. ఒకడు పోగు అతకడము, ఒకడు నూనె వేయడము, ఒకడు ఊడ్వడము. అందరూ అన్ని మగ్గాల చుట్టూ తిరుగుతున్నారు గాని 'ఇవి మా మగ్గాలు' అనగలిగినవారు ఎవరూ లేరు. కొన్ని మగ్గాలకు ఒక జట్టు అన్న ఏర్పాటు ఆయన సూచించగానే, దానికి కావలసిన సర్దుబాట్లు కార్మికులే చేసుకొన్నారు. గుడ్డ పెరిగినది, పాడయ్యే గుడ్డ తగ్గినది. షోలాపురములోను, భివండిలోను, సూరతులోను మగ్గాలు నడిపిన మన పద్మశాలీ కుటుంబాలవారికి ఈ కథ కొత్తగా తోచదు. ఇంటిల్లిపాదీ ఒకే మగ్గము చుట్టూ పనిచేయడములోని బలము వారికి పుస్తకము చదవకుండానే తెలుసు.

ఆ అహ్మదాబాదులోనే, బట్టల మిల్లుల పరిశోధన సంస్థ అయిన అతిరాలో, మనస్తత్వ విభాగమును నడిపిన ఆమె కమలా చౌదరి. పెళ్ళయిన కొద్దికాలానికే భర్తను పోగొట్టుకొని, చదువును పట్టుకొని, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొంది వచ్చినది. 1961లో అహ్మదాబాదు ఐ.ఐ.ఎం. ఏర్పడినప్పుడు తొలి అధ్యాపకులలో ఆమె ఒకరు. ఈ శాస్త్రము మన దేశములో నిలదొక్కుకొన్నది ఆమె వంటివారి చేతులమీదుగానే. ఆడపిల్లకు తగిన చదువేనా అనే సందేహము ఉన్నవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలునని అనుకొంటాను.

మూడవది మన కాకినాడది. హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలండ్‌కు ఒక ఊహ ఉండేది. ఏదైనా సాధించి చూపాలనే తపన పుట్టుకతో వచ్చేది మాత్రమే కాదు, శిక్షణతో కూడ పెంచవచ్చునని. దానిని పరీక్షించడానికి ఆయన 1964లో ఎంచుకొన్న ఊరు కాకినాడ. అక్కడి చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కొద్ది రోజుల శిక్షణ ఇప్పించి, తరువాత వారు ఏమేమి చేశారో గమనించారు. శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూచారు. శిక్షణ పొందినవారు కొత్త పనులకు, కొత్త పెట్టుబడులకు ఎక్కువగా పూనుకొన్నారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి పుస్తకము వ్రాశారు. ఆ ఫలితాలను తరువాతివారు చాలా చర్చించారు. చర్చకు నిలిచినదే శాస్త్రము. మనకు ముఖ్యమైన సంగతి ఏమంటే, మేనేజిమెంటు పాఠ్య పుస్తకాలలో చాలా చోట్ల కనబడే ఆ సిద్ధాంతానికి పరీక్షా స్థలము మన కోస్తా పట్టణము. ఇంకొక మాట కూడ చెప్పుకోవాలి. ఉద్యోగుల అభివృద్ధికి ప్రత్యేకముగా ఒక విభాగము ఉండాలనే పద్ధతిని లార్సెన్ అండ్ టూబ్రో సంస్థలో 1974–75లో రూపొందించినవారు ఇద్దరు: ఉదయ్ పారీక్, మన తెలుగువాడైన టి.వి.రావు.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, గని అయినా, మగ్గము అయినా, చిన్న ఊరి అంగడి అయినా సరే, పని జరిగే ప్రతి చోటా ఒక ప్రశ్న ఉన్నదని. మరి పెర్మిలి చుట్టూ ఏ ప్రశ్నలూ లేవా? ఎండాకాలము తునికాకు కోతకు ఊరు ఊరంతా కదులుతుంది. ఆ కొద్ది రోజుల పనిలో ఎవరు ఎవరితో జట్టు కడతారు, ఆకు కట్టల లెక్కమీద నమ్మకము ఎందుకు కొన్ని చోట్ల ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు? అడవి లోపలి ఆశ్రమశాలలకు దూరపు జిల్లాల నుండి ఉపాధ్యాయులు వస్తారు. కొందరు ఏళ్ళ తరబడి నిలుస్తారు, కొందరు వచ్చిన నాటి నుండి బదిలీ కోసమే చూస్తారు. ఈ తేడా జీతములో లేదు, మరి ఎందులో ఉన్నది? ఏటపల్లి తాలూకాలో సూరజాగఢ్ ఇనుప ఖనిజపు గని నడుస్తున్నది. వాన చూచి, ఋతువు చూచి పని చేసుకొనే పద్ధతికి అలవాటు పడిన యువకుడు సైరను చూచి పనికి పోవలసి వస్తే అతని నిద్ర, అతని ఇల్లు, అతని మనసు ఎట్లా మారుతున్నవి? పైవాడు హిందీలో చెప్పిన జాగ్రత్త మాడియా మాట్లాడే కూలికి ఎంతవరకు అందుతున్నది? ఇటువంటి ప్రశ్న పట్టుకొన్న పిల్ల ఏ గురువు ముందు నిలబడినా వట్టి చేతులతో నిలబడదు. తెలుగు, మరాఠీ, హిందీ, కాస్త మాడియా వచ్చిన పరిశోధకురాలు ఎన్ని విశ్వవిద్యాలయాలకు దొరుకుతుంది? సరిహద్దులో పుట్టడము ఇన్నాళ్ళూ లోటని అనుకొన్నాము. ఈ చదువులో అది ఆస్తి.

ఇక గురువును వెదికే పని. మన దేశములో ఈ శాస్త్రము మూడు కప్పుల క్రింద కాపురము ఉంటున్నది.

మొదటి కప్పు మనస్తత్వ శాస్త్ర శాఖలు. ముంబయి విశ్వవిద్యాలయములోని అనువర్తిత మనస్తత్వ శాఖ, పూనా విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాఖ మన రాష్ట్రములో ఉన్నవి. తెలుగు నాట ఉస్మానియా, ఆంధ్ర, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో ఈ శాఖలున్నవి. కాన్పూరు, బొంబాయి, ఢిల్లీ, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లలో మానవీయ శాస్త్రాల శాఖల క్రింద మనస్తత్వ శాస్త్రజ్ఞులున్నారు. మనకు దగ్గరిది 2011లో గడ్చిరోలిలో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయము. గుర్తింపు పొందిన గైడుల పట్టిక కావాలని అక్కడ ముందుగా అడిగి చూడవలెను.

రెండవ కప్పు మేనేజిమెంటు విద్యాలయాలు. ఇక్కడ ఇదే చదువు 'ఆర్గనైజేషనల్ బిహేవియర్' అనే పేరుతో ఉంటుంది. అహ్మదాబాదు, బెంగుళూరు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు, 2015లో ఏర్పడిన విశాఖపట్నము, నాగపురము ఐ.ఐ.ఎం.లు, జంషెడ్‌పూరు ఎక్స్.ఎల్.ఆర్.ఐ. ఈ కోవలోవి. పూర్వము ఐ.ఐ.ఎం.లు ఇచ్చే పట్టాకు 'ఫెలో' అని పేరు; 2017 నాటి ఐ.ఐ.ఎం. చట్టము తరువాత పి.హెచ్‌.డి. అనే ఇవ్వగలుగుతున్నవి. ప్రవేశానికి క్యాట్ వంటి పరీక్షల మార్కులు చూస్తారు. ఎం.బి.ఏ. చేసినవారికే అనుకోవద్దు, మనస్తత్వ శాస్త్రము చదివినవారిని కూడ తీసుకొంటారు.

మూడవ కప్పు కార్మిక, సంక్షేమ విద్యల శాఖలు. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఇందులో పెద్దది. 1936లో మొదలైనది. తునికాకు కూలీల ప్రశ్న వంటిది ఈ కప్పు క్రింద బాగా ఇముడుతుంది.

ఏ కప్పు క్రింద ఎవరు ఏ పని చేయిస్తున్నారో తెలుసుకోవడానికి సులువైన మార్గము ఒకటి ఉన్నది. మన విశ్వవిద్యాలయాలలో ఆమోదము పొందిన థీసిస్సులను 'శోధగంగ' అనే భాండారములో పెడుతున్నారు. ఇంట్లో కూర్చొని, రుసుము లేకుండా చదవవచ్చును. ఉద్యోగ సంతృప్తి, నాయకత్వము, కార్మికుల భద్రత, పని ఒత్తిడి, ఇట్లా తన విషయపు మాటలతో వెదికితే ఎవరి వద్ద ఏయే పరిశోధనలు జరిగినవో బయటపడతాయి. నచ్చిన నాలుగైదు థీసిస్సులు మొదటి నుండి చివరి దాకా చదవండి. గైడు పేరు వ్రాసుకోండి. ఆయన గాని ఆమె గాని ఇంకా పదవిలో ఉన్నారా, ఖాళీ ఉన్నదా విచారించండి. ఆచార్యులకు ఒకే కాలములో 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్లకు 6 గురు, అసిస్టెంట్ ప్రొఫెసర్లకు 4 గురు పరిశోధకులను మించి ఉండరాదని నియమము. ఎంత గొప్ప గైడు అయినా చోటు లేకపోతే లాభము లేదు.

ఆ తరువాత ఒక పేజీకి మించని ఉత్తరము వ్రాయవలెను. 'అయ్యా, నాకు పరిశోధన చేయాలని చిన్ననాటి నుండి కోరిక' అని మొదలు పెడితే ఎవరూ చదవరు. 'మా ప్రాంతములో ఈ పని ఇట్లా జరుగుతున్నది, ఇందులో నాకు అంతుపట్టనిది ఇది, మీ విద్యార్థి వ్రాసిన ఫలానా థీసిస్‌లో దీనికి దగ్గర మాట చూచాను' అని వ్రాస్తే జవాబు వచ్చే అవకాశము ఉన్నది. జవాబు వచ్చిన తరువాత ఇంకొక విచారణ కూడ అవసరము. సంబంధము చూచేటప్పుడు మన పెద్దలు ఇరుగు పొరుగును అడిగినట్లే, ఆ గైడు వద్ద చదివిన పాత విద్యార్థులను అడగవలెను. ఎన్నేళ్ళకు పూర్తయింది? వ్రాసినది ఎన్నాళ్ళకు చదివి ఇచ్చేవారు? సొంత పనులు చెప్పేవారా? ఈ మూడు ప్రశ్నల జవాబులు ఏ ప్రాస్పెక్టసులోను అచ్చు వేయరు.

ఇప్పుడు నియమాలు. యు.జి.సి. 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారము ఎం.ఏ.లో నూటికి 55 మార్కులు ఉండవలెను. వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు, తెగలు మొదలైనవారికి 5 మార్కుల సడలింపు. నాలుగేళ్ళ డిగ్రీ చేసినవారు నూటికి 75 వస్తే ఎం.ఏ. లేకుండానే చేరవచ్చును. పాఠాలతో కలిపి కనీసము 3 ఏళ్ళు, గరిష్ఠము 6 ఏళ్ళు; తిరిగి నమోదు చేయించుకొంటే ఇంకొక 2 ఏళ్ళు.

ప్రవేశానికి నెట్ పరీక్ష వ్రాయడము మంచిది. ఏటా రెండు మారులు జరుగుతుంది. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీలలో ఉంటవి. 2024 జూన్ నుండి ఈ పరీక్ష మార్కులతోనే పి.హెచ్‌.డి. ప్రవేశము కూడ ఇచ్చే ఏర్పాటు చేశారు. పరీక్షకు 70 పాళ్ళు, ఇంటర్వ్యూకు 30 పాళ్ళు. ప్రవేశము వరకే అర్హత వచ్చినవారికి ఆ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతాయి. కనుక పరీక్షకు ముందే గైడును చూచుకోవడము తెలివైన పని. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ సొంత ప్రవేశ పరీక్షలు కూడ పెడుతూ ఉంటవి. ప్రకటన జాగ్రత్తగా చదవండి. మనస్తత్వ శాస్త్రము చదివిన పిల్లలు ఆ పేపరే వ్రాస్తారు. మేనేజిమెంటుకు, కార్మిక సంక్షేమానికి వేరు పేపర్లున్నవి. ఎం.ఏ. చదివిన శాఖను బట్టి ఎంచుకోవలెను.

ఖర్చు మాట. నెట్‌లో పై శ్రేణి వస్తే జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ లభిస్తుంది. 2023 జనవరి నుండి మొదటి రెండేళ్ళు నెలకు రూ. 37,000, ఆ తరువాత రూ. 42,000. అనగా ఈ చదువుకు ఇల్లు డబ్బు పోయనక్కర లేదు. చదువే ఇంటికి కొంత పంపగలదు. అది రాకపోయినా దారులు మూసుకుపోవు. మహారాష్ట్రలో షెడ్యూల్డు కులాల పరిశోధకులకు పూనాలోని బార్టి, ఇతర వెనుకబడిన వర్గాలకు నాగపురములోని మహాజ్యోతి సంస్థ సహాయము చేస్తున్నవి. షెడ్యూల్డు తెగలవారికి కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఫెలోషిప్ ఉన్నది. ఇక్కడ మన సరిహద్దు కుటుంబాలకు ఒక హెచ్చరిక. కులాల జాబితా రాష్ట్రానికి ఒక తీరుగా ఉంటుంది; అవతలి ఒడ్డున ఉన్న బంధువులకు వర్తించినది ఇవతల మనకు వర్తించకపోవచ్చును. పైగా మహారాష్ట్రలో కుల ధ్రువపత్రము ఒక్కటే చాలదు, పరిశీలన సంఘము ఇచ్చే వ్యాలిడిటీ పత్రము కూడ అడుగుతారు. తాతల నాటి బడి రికార్డులు, భూమి కాగితాలు వెదికి పట్టుకోవడానికి నెలలు పట్టవచ్చును. అమ్మాయి నెట్‌కు చదువుతూ ఉండగా నాన్నగారు ఆ పనిమీద తిరగవచ్చును.

పెళ్ళి సంగతి. తల్లిగారు మొగమాటపడుతూ అడిగిన ప్రశ్నకు నిబంధనలలోనే జవాబు ఉన్నది. స్త్రీలకు గడువుమీద మరి 2 ఏళ్ళు అదనముగా ఇస్తారు. ప్రసూతికి, పిల్లల పోషణకు మొత్తము చదువులో 240 రోజుల వరకు సెలవు ఉన్నది. పెళ్ళయి వేరే ఊరు పోవలసి వస్తే, చేసిన పరిశోధన అక్కడి విశ్వవిద్యాలయానికి మార్చుకొనే వీలు కూడ, కొన్ని షరతులకు లోబడి, కల్పించారు. కనుక పెళ్ళి కోసము చదువు మానుకోనక్కర లేదు, చదువు కోసము పెళ్ళి మానుకోనక్కర లేదు. సంబంధము మాట్లాడేటప్పుడు మాత్రము ఈ మాట ముందుగా, నలుగురి ఎదుట చెప్పండి. తరువాత చెప్పుకొందాములే అని దాచిపెట్టిన మాట తరువాత ఎన్నడూ తేలిక కాదు.

ఇక ఆ మధ్యవర్తి. మూడేళ్ళకు తక్కువ పి.హెచ్‌.డి. మన దేశములో లేదని పైన చూచాము. అటువంటప్పుడు రెండేళ్ళలో వచ్చే పట్టా ఏమి పట్టా? ఇంటికి పంపించే పద్ధతికి కూడ చోటు లేదు. దూర విద్య ద్వారా గాని ఆన్‌లైన్ ద్వారా గాని పి.హెచ్‌.డి. ఇవ్వరాదని ఆ నిబంధనలే చెబుతున్నవి. విదేశీ విద్యాసంస్థల పేరు చెప్పి ఆన్‌లైన్ పి.హెచ్‌.డి. అమ్మేవారిని నమ్మవద్దని యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. కలిసి 2022లో హెచ్చరిక కూడ చేసినవి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. ప్రకటిస్తూ ఉంటుంది, చూచుకోవచ్చును. డబ్బు పోవడము ఒక్కటే నష్టము కాదు. అటువంటి కాగితము పట్టుకొని ఉద్యోగానికి పోయిన పిల్ల, ఏ తప్పూ ఎరుగనిదైనా, పదిమందిలో తల వంచుకోవలసి వస్తుంది. ఉద్యోగము చేసుకొంటూ చదవాలంటే పార్ట్‌టైము పద్ధతి సక్రమముగానే ఉన్నది. యజమాని అనుమతి పత్రము తీసుకొని, ప్రవేశ నియమాలన్నీ అందరివలెనే పాటించవలెను.

విదేశాల మాట కూడ కొద్దిగా. బోర్డు కట్టిన ద్వారాలు ఎక్కువగా ఉన్నది అమెరికాలో. మిన్నెసోటా, మిషిగన్ స్టేట్, బౌలింగ్ గ్రీన్, సౌత్ ఫ్లారిడా విశ్వవిద్యాలయాలలో ఈ పేరుతోనే డాక్టరేటు ఉన్నది. ఆ శాస్త్రజ్ఞుల సంఘమైన సియోప్ ఇటువంటి విద్యాలయాల పట్టికను ఉంచుతుంది. అక్కడ బి.ఏ. తరువాతనే చేరవచ్చును, సాధారణముగా అయిదారేళ్ళు. మంచి పి.హెచ్‌.డి. కార్యక్రమాలలో చాలావరకు రుసుము మాఫీ చేసి, బోధనకో పరిశోధనకో సహాయకులుగా పెట్టుకొని భత్యము ఇస్తారు. ఏ సహాయమూ లేకుండా మొత్తము మీరే కట్టుకోండి అన్న చోటు ఉంటే రెండు మారులు ఆలోచించండి. ఇంగ్లండులో లండను బిర్క్‌బెక్ కళాశాల, షెఫీల్డు విశ్వవిద్యాలయము ఈ విద్యకు పేరు పొందినవి. హాలెండులో పి.హెచ్‌.డి. విద్యార్థిని చాలా చోట్ల ఉద్యోగిగానే లెక్క కట్టి జీతము ఇస్తారు. షెడ్యూల్డు తెగల విద్యార్థులకు విదేశ విద్యకు కేంద్ర ప్రభుత్వము ఏటా 20 విద్యార్థి వేతనాలు ఇస్తున్నది.

అన్నీ చెప్పి ఒక మాట చెప్పకపోతే అన్యాయము. అందరికీ ఈ డాక్టరేటు అవసరము లేదు. కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూచే ఉద్యోగము కావాలంటే ఎం.ఏ. చాలు, లేదా ఎం.బి.ఏ. చాలు, ఆ అయిదేళ్ళు ఉద్యోగములోనే గడిపితే అనుభవము, జీతము రెండూ పెరుగుతాయి. పరిశోధనే వృత్తిగా బ్రతకాలంటే డాక్టరేటు కావాలి. రైలు నడిపేవారి ఎంపికలో మానసిక పరీక్షలు పెట్టడానికి లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థలో ఒక విభాగమే ఉన్నది. సైన్యానికి అధికారులను ఎంచే బోర్డులలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూర్చుంటారు. బల్లార్షా నుండి కాజీపేట దాకా మనము రైలులో నిద్రపోతూ పోతున్నామంటే, ఇంజనులో కూర్చున్నవాని మెలకువను ఎవరో పరీక్షించి పంపినందువల్లనే గదా! అటువంటి పనులమీద ప్రీతి ఉన్నదా, లేక పేరుకు ముందు రెండు అక్షరాలమీద ప్రీతి ఉన్నదా అన్నది అమ్మాయే తేల్చుకోవలెను. రెండవదే అయితే అయిదేళ్ళు చాలా పెద్ద ధర.

పెర్మిలి తల్లిగారూ, మీ అమ్మాయిని ఈ నెలలో రెండు పనులు చేయమనండి. మన ఊళ్ళో పనిచేసేవారిని చూచి తనకు కలిగిన ప్రశ్న ఒకటి మూడు వాక్యాలలో, తెలుగులోనే, వ్రాయమనండి. ఆ ప్రశ్నకు దగ్గరగా ఉన్న థీసిస్సులు అయిదు శోధగంగలో వెదికి చదవమనండి. చదివిన తరువాత కూడ ఆ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వకపోతే నెట్ పరీక్షకు దరఖాస్తు పెట్టించండి. ప్రశ్న చప్పబడిపోతే ఉద్యోగము చూచుకోమనండి, అందులో చిన్నతనము లేదు. ఆ మూడు వాక్యాలు మాకూ పంపితే సంతోషిస్తాము. మన సంఘములో ఈ విద్య ఎరిగినవారెవరైనా ఉంటే వారికి చూపించి సలహా అడుగుతాము. ఈ విద్యలో ఉన్న పాఠకులెవరైనా కలిగితే కార్యాలయానికి ఒక కార్డు ముక్క వ్రాయవలసినదని కోరుతున్నాను. మొదటి ఉత్తరము ఎవరికి వ్రాయాలో చెప్పేవారు లేకనే మన పిల్లలు చాలామంది వెనుకబడుతున్నారు.